జింపాచి కావడి

ముక్కు మూసుకునేవాళ్ళని చూస్తే హిసానోకి చిన్నప్పటినుంచీ ఒళ్ళు మండుతుంది. డెబ్బయ్యారేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, ఒక చెవి మందగించింది, ఆ మంట మాత్రం తగ్గలేదు. అందుకే కరాసె నగర చరిత్ర మ్యూజియం డైరెక్టర్ అకిజుకి గారు కింది అంతస్తులోని సామాన్ల గదిలో ఆ రెండు చెక్క బకెట్ల ముందు నిలబడి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకోగానే, ఆయన చెప్పబోయేది మంచి మాట కాదని ఆమెకి అర్థమైపోయింది. ఆ బకెట్లని కడిగి ఎండబెట్టి అరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు వాటిలో ఉన్నది పాత చెక్క వాసన ఒక్కటే.

"హిసానో గారూ, మీరు మా మ్యూజియానికి ఎన్నాళ్ళనుంచో సాయం చేస్తున్నారు. మీ మనసు నొప్పించాలని కాదు. కానీ ఈ ప్రదర్శనలో మీ కావడికి చోటు కుదరడం లేదండీ" అన్నాడాయన.

"చోటు కుదరడం లేదా, మీకు కుదరడం లేదా?"

ఆయన రుమాలు ఇంకాస్త నొక్కుకున్నాడు. "ఇది ఊరగాయల ప్రదర్శన కదండీ. తినే వస్తువు. దాని పక్కన ఇది పెడితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో మీరే చెప్పండి. పైగా ఖర్చంతా ఊరగాయల కంపెనీ కాజితాని గారు పెట్టుకుంటున్నారు."

"మనం ఊరగాయ తింటాం. ఊరగాయ ముల్లంగితో పెడతారు. మరి ఆ ముల్లంగి ఏం తిని పెరిగిందండీ, డైరెక్టర్ గారూ?"

డైరెక్టర్ గారి పక్కన నిలబడ్డ క్యూరేటర్ యుహారా నవ్వు ఆపుకోడానికి తల వంచుకుంది. నలభై దాటిన మనిషి. ఏడాదికోసారి ఉద్యోగం పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్నది. నవ్వాలన్నా ఆమెకి పైవాళ్ళ మొహం చూసుకోక తప్పదు.

"ఇంకో సంగతి కూడా ఉంది" అన్నాడు డైరెక్టర్ రుమాలు తియ్యకుండానే. "ఈ గది నిండిపోయింది. ప్రదర్శన అయ్యాక అక్కర్లేని పాత సామాన్లు తీసేయమని పైనుంచి మాట వచ్చింది. ఈ కావడి కూడా అందులోనే..."

"తీసేసి ఎక్కడ పెడతారు?"

యుహారా నేల చూపులు చూసింది. చెత్త బండి అనే మాట చదువుకున్నవాళ్ళ నోటికి అంత తొందరగా రాదు.

"ఊళ్ళో ఇలాంటిది ఇంకోటి ఉందా?" అని యుహారాని అడిగింది హిసానో.

"లేదండీ. ఇదొక్కటే మిగిలింది. మిగతా ఇళ్ళవాళ్ళు సిగ్గుపడి పొయ్యిలో పెట్టేశారు."

అది జింపాచి కావడి. జింపాచి హిసానో తండ్రి. ఊరి బయట ముల్లంగి రైతు. ఊళ్ళో మరుగుదొడ్ల కింద గుంటలుండే రోజుల్లో, తెల్లవారకుండానే ఈ కావడి భుజాన వేసుకుని వెళ్ళి, ఇంటింటి వెనక గుమ్మం దగ్గరా గుంట తోడి, బకెట్లు నింపుకుని పొలానికి మోసుకొచ్చేవాడు. ఊరికే కాదు. ఏడాది చివర్లో, తను తోడిన ప్రతి ఇంటికీ ముల్లంగి కట్ట తీసుకెళ్ళి ఇచ్చేవాడు. పెద్దవాళ్ళ తలలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. పదిహేనేళ్ళు నిండని పిల్లలకి లెక్క లేదు. ఆ లెక్క దగ్గరే ప్రతి ఏడూ ప్రతి గుమ్మంలోనూ చిన్న తగువు.

ఆ రోజు మాత్రం కూతుర్ని వెంట తీసుకెళ్ళేవాడు. బాగా తోమి కడిగిన వేరే బుట్టల్లో ముల్లంగులు ఉండేవి. "ఈ ఏడు ఇంట్లో పెద్దవాళ్ళెంతమందండీ?" అని అడిగేవాడు. ఇల్లాలు చెప్పేది. అతను ముల్లంగులు తీసి రెండు చేతులా అందించి, మొహంలో నవ్వన్నది లేకుండా, "మీరిచ్చిందే మీకు తెచ్చాను" అనేవాడు. ఆడవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, రెండు చేతులా పుచ్చుకునేవారు. జింపాచి బతుకంతా ఎప్పుడూ ఏ ఇంటి ముందు గుమ్మమూ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు.

కాజితాని వాళ్ళది అప్పట్లో సత్రం. యుద్ధం అయిపోయిన కరువు రోజుల్లో గదికి ఆరుగురు చొప్పున జనం కిక్కిరిసి ఉండేవారు. జనం ఎక్కువ కాబట్టి ముల్లంగులూ ఎక్కువే వచ్చేవి. అన్నీ ఒక్కసారిగా తినెయ్యలేక, పారెయ్యలేక, కాజితాని ఇల్లాలు వాటిని గాలికి వేలాడదీసి, తవుడూ ఉప్పూ దట్టించి పీపాలో ఊరబెట్టింది. సత్రంలో దిగినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నారు, ఊళ్ళకి పట్టుకెళ్ళారు. అదీ ఇవాళ దేశమంతా అమ్ముడయ్యే కాజితాని ఊరగాయ పుట్టుక. ఊళ్ళో ముసలివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆవిడ కొడుకు సోజిరో, అంటే ఇప్పటి కాజితాని గారు, హిసానోతో ఒకే తరగతిలో చదివాడు. ఆమె బెంచీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ముక్కు మూసుకునేవాడు. అతన్ని చూసి తరగతి తరగతంతా మూసుకునేది. ఒకసారి ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి ఆమె మొహం కడిగి, "పిచ్చిదానా, ముక్కు మూసుకున్నవాడు గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తాడు? నోట్లోంచేగా. అప్పుడు వాసన ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఆమె ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది. ఆ తరవాత ఎవడు ముక్కు మూసుకున్నా వాడి నోటికేసి చూడ్డం నేర్చుకుంది.

ఇప్పుడూ అలాగే డైరెక్టర్ గారి నోటికేసి చూస్తూ నిలబడింది. ఆయనకి ఇబ్బందిగా అనిపించి రాజీకి వచ్చాడు.

"పోనీ ఒక పని చేద్దాం. కింద మరుగుదొడ్ల పక్కన కాస్త గోడ ఖాళీగా ఉంది. అక్కడ పెడితే జనానికి సరదాగా కూడా ఉంటుంది."

"మా నాన్న సరదాకి మొయ్యలేదండీ."

"అంతకన్నా నా చేతుల్లో ఏమీ లేదు."

"నా చేతుల్లో ఉంది. మా అమ్మ మీ మ్యూజియానికి ఇచ్చిన వస్తువు, నేను తీసుకుపోతాను. మీ చెత్త బండివాణ్ణి ఎందుకు శ్రమపెట్టడం?"

డైరెక్టర్ గారి మొహం ఒక్కసారిగా తేలికపడింది. అది చూసి హిసానోకి ఇంకా మండిపోయింది. గోడకి ఆనించి ఉన్న కావడి బద్ద తీసింది. మధ్యలో తండ్రి భుజం ఆనిన చోట చెక్క నున్నగా అరిగి ఉంది. బకెట్లు రెండు వైపులా తగిలించి, వంగి, లేచింది. భుజం మీద అది ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చుంది. తండ్రి మీద ఇంత కోపంలాంటి ప్రేమ తనలో మిగిలి ఉందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"సామాన్లు దింపే తలుపు వెనక వైపుంది, అటు వెళ్తే దగ్గర" అన్నాడు డైరెక్టర్.

"వెనక గుమ్మాలు మా నాన్న చాలినన్ని చూశాడు" అని, ముందు తలుపులోంచే బయటికి నడిచింది.

ప్రదర్శన పేరు 'కరాసె రుచి'. మొదటి రోజు కొండల మీంచి పొడిగాలి వీస్తోంది. మేయరు, కాజితాని సోజిరో, డైరెక్టర్ అకిజుకి, ముగ్గురూ తెల్లని గ్లవ్స్ వేసుకుని రిబ్బన్ కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. అందరూ లోపలికి వెళ్ళారు. అందరి వెనకాల, కావడి భుజాన వేసుకుని, హిసానో వచ్చింది. బకెట్లలో తన పెరటి మడిలో పండించిన ముల్లంగులు, ఆకులతో సహా, కడిగి తెల్లగా మెరిసిపోతున్నాయి.

గుమ్మంలో కాపలా అతను అడ్డం వచ్చాడు. "అమ్మగారూ, పెద్ద సామాన్లు లాకర్లో పెట్టాలండీ."

"పెట్టు నాయనా."

అతను వంగి ఒక బకెట్టు లాకర్లోకి దూర్చబోయాడు. అడ్డంగా పట్టలేదు. పక్కకి తిప్పాడు, పట్టలేదు. తలుపు తీసి కొలిచినట్టు చూసి, మళ్ళీ ప్రయత్నించాడు. హిసానో ఓపిగ్గా నిలబడింది.

"పట్టడం లేదండీ."

"మీ లాకరు చిన్నదైతే నేనేం చెయ్యను?"

"పచ్చి కూరగాయలు లోపలికి తేకూడదు కూడానండీ. పురుగులొస్తాయని..."

"అదిగో లోపల గోడ పొడుగునా వేలాడుతున్నవేమిటి? కాగితం ముల్లంగులా?"

అతను లోపలికి చూశాడు. కాజితాని వాళ్ళు అలంకారానికి కట్టిన పచ్చి ముల్లంగులు దండల్లా వేలాడుతున్నాయి. చివరి ప్రయత్నంగా టికెట్ అన్నాడు.

"అరవై అయిదు దాటిన ఊరివాళ్ళకి టికెట్ లేదని మీ గోడమీదే రాశారు. రోజూ రావచ్చని కూడా దాని అర్థం" అని లోపలికి వెళ్ళిపోయింది.

హాలు మధ్యలో కాజితాని వాళ్ళ మొదటి పీపా ఉంది. దాని మీద బరువుకి పెట్టే రాయి, వెనక గోడ మీద సోజిరో తల్లి ఫొటో. 'ఒక ఇల్లాలి చేతి గుణంతో మొదలైన కథ' అని కింద పెద్ద అక్షరాలు. ముల్లంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్క ముక్క లేదు. ఆకాశం నుంచి రాలాయనుకోవాలి కాబోలు. హిసానో ఆ పీపా పక్కనే కావడి దింపి నిలబడింది.

ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు జనం. ఫొటోలు తీసుకున్నారు. మేయరు గారైతే ముచ్చటపడిపోయాడు.

"భలే ఏర్పాటు చేశారే. అమ్మా, ఈ కావడిలో ఏం మోసేవారు, బావి నీళ్ళా?"

"కాదండీ. మీ తాతగారి మరుగుదొడ్డి గుంటలో ఉండేది."

మేయరు గారు ఒక అడుగు వెనక్కి వేశాడు. డైరెక్టర్ గారు పరిగెత్తుకొచ్చాడు గాని, అంతకన్నా ముందే సోజిరో ఆమె దగ్గరికి చేరాడు. మనిషి బాగా వంగిపోయాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"హిసా, ఇవాళ వద్దు."

"ఏ రోజైతే వీలో చెప్పు సోజిరో, ఆ రోజే వస్తాను."

"తినే వస్తువు అమ్ముకునేవాళ్ళం. జనం ఏమనుకుంటారు? మా పరువేం కావాలి?"

"మీ అమ్మ ఈ ముల్లంగులు మా నాన్న చేతుల్లోంచి రెండు చేతులా పుచ్చుకుంది. నా కళ్ళతో చూశాను. నువ్వు తలుపు సందులోంచి చూశావు. ఆవిడకి పోని పరువు నీకెలా పోతుంది?"

ఒక ముల్లంగి తీసి, రెండు చేతులా అతని ముందుకు చాపింది. సోజిరో చేతులు సగం దాకా లేచాయి. రిబ్బన్ కత్తిరించిన తెల్ల గ్లవ్స్ ఇంకా అతని చేతులకే ఉన్నాయి. వాటికేసి చూసుకున్నాడు, చుట్టూ ఉన్న కెమెరాల కేసి చూశాడు. చేతులు కిందికి దిగిపోయాయి.

"మాసిపోతాయనా?" అంది హిసానో.

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. డైరెక్టర్ గారు ఆమెని మెల్లగా గుమ్మం కేసి నడిపించబోయాడు.

"అమ్మా, దయచేసి..."

"చూడ్డానికొచ్చానండీ. అరవలేదు, దేన్నీ ముట్టుకోలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళని గెంటేసే మ్యూజియం అని పేరు కావాలంటే గెంటండి."

ఆమె తలుపులు మూసేదాకా అక్కడే నిలబడింది. సాయంత్రం ఇంటికెళ్ళి భుజానికి మందు పట్టీ వేసుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కాపలా అతను లాకరు మాట ఎత్తడం మానేశాడు. యుహారా ఎవరూ చూడకుండా ఒక ముక్కాలి పీట తెచ్చి పీపా వెనకాల పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

తరవాత మూడో తరగతి పిల్లలు రావడం మొదలైంది. పసుపుపచ్చ టోపీల్లో బిలబిలమంటూ వచ్చి, పీపా దగ్గర ఆగకుండా, తిన్నగా కావడి చుట్టూ చేరారు. ఏం మోసేవారో హిసానో చెప్పగానే సగం మంది కిలకిలా నవ్వి ముక్కులు మూసుకున్నారు.

"మూసుకోండి మూసుకోండి. ఇప్పుడు గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తున్నారో చూసుకోండి" అందామె.

ఒక్క క్షణం ఆలోచించి, పిల్లలంతా కేకలు పెడుతూ చేతులు తీసేశారు. ఆ తరవాత ఇక వాళ్ళని ఆపడం పంతులమ్మ వల్ల కాలేదు. గుంట ఎంత లోతు, ఒలికిపోతే ఏం చేసేవారు, వాన వస్తే ఎలా అని ఒకటే ప్రశ్నలు. పిల్లల తలలు లెక్కలోకి రావని విన్నప్పుడు మాత్రం గొడవైపోయింది.

"అదన్యాయం బామ్మా. మేమూ రోజూ వెళ్తాంగా" అంది ఒక పిల్ల.

"నేను రెండుసార్లు వెళ్తా" అన్నాడు ఇంకొకడు, గర్వంగా.

"మీ ముత్తవ్వలు కూడా మా నాన్నతో సరిగ్గా ఇలాగే పోట్లాడేవారు" అంది హిసానో. ఆ మాట అంటూ ఎన్నో ఏళ్ళకి మొదటిసారి ఆమె మనసు నిండా నవ్వింది.

పిల్లలు ఇంటికెళ్ళి చెప్పారు. ఆదివారం అమ్మానాన్నల్ని లాక్కొచ్చారు. వాళ్ళ వెనక తాతలు వచ్చారు. ముసలివాళ్ళు మొదట దూరంగా నిలబడ్డారు. తరవాత ఒక్కొక్కరే దగ్గరికొచ్చి, రహస్యం చెబుతున్నట్టుగా, "మా ఇంటికీ జింపాచే వచ్చేవాడు" అన్నారు. ఒకాయన కావడి బద్ద మీద అరచెయ్యి పెట్టి, మా నాన్నదీ ఇలాంటిదే, నేనే కాల్చేశాను అని కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర కాజితాని వాళ్ళు పెట్టిన ఊరగాయ కొట్టు ముందు వరస కూడా ఏమీ తగ్గలేదు. పోతుందన్న పరువు ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు.

డైరెక్టర్ గారు మళ్ళీ రాజీకి వచ్చాడు. కావడిని మళ్ళీ మ్యూజియమే తీసుకుంటుంది, హాల్లోనే ఉంచుదాం, చెత్తలోకి పంపొద్దు, కానీ పేరూ ఊరూ లేకుండా 'పాతకాలపు వ్యవసాయ పరికరం' అని చిన్న చీటీ పెడదాం అన్నాడు.

"ఫొటో కింద ఇల్లాలని రాసినంత పెద్ద అక్షరాల్లో జింపాచి అని రాయండి. ముల్లంగులు ఎవరివో రాయండి. అప్పుడు నేను రావడం మానేస్తాను."

"కాజితాని గారు ఒప్పుకోరండీ."

"అయితే రేపు కలుద్దాం."

ఒక సాయంత్రం తలుపులు మూసే వేళకి హాలు ఖాళీ అయ్యింది. సామాన్లు దింపే తలుపు వైపునుంచి అడుగుల చప్పుడు వినబడింది. సోజిరో. ఒక్కడే వచ్చాడు, మాస్కు పెట్టుకుని, టోపీ కిందికి లాక్కుని.

"హిసా, ఇంక చాలు. నీకేం కావాలో చెప్పు. పెద్దవాళ్ళమయ్యాం. ఎందుకొచ్చిన పంతం?"

ఆమె అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఎటునుంచి వచ్చావు?"

అతను టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు.

"వెనక గుమ్మంలోంచి వచ్చావు కదూ. నలుగురూ చూస్తారని. మా నాన్న ముప్ఫయ్యేళ్ళు మీ ఇంటికి వెనకనుంచే వచ్చాడు. సిగ్గుపడి కాదు, మీరు ముందునుంచి రానివ్వక. నీకు ముందు తలుపు తెరిచే ఉంది సోజిరో. రేపు అందరూ వచ్చే తలుపులోంచి రా, నాతో మాట్లాడు. ఇక్కడ నిలబడి గుసగుసలాడేవాడితో నాకేం మాటల్లేవు."

కావడి ఎత్తుకుని, దీపాలు ఆర్పుతున్న కాపలా అతనికి నమస్కారం పెట్టి, ముందు తలుపులోంచి వెళ్ళిపోయింది. సోజిరో ఎటునుంచి వెళ్ళాడో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఇంకో బడి పిల్లలు వచ్చారు. కావడి ముందు పసుపు టోపీల వరస గుమ్మం దాకా సాగింది. ఆ వరస చివర, మాస్కు లేకుండా, టోపీ లేకుండా, ఉత్త చేతులతో, సోజిరో నిలబడి ఉన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. అతనూ జరిగాడు. డైరెక్టర్ గారు దూరంనుంచి చూసి అక్కడే ఆగిపోయాడు.

అతని వంతు వచ్చింది. హిసానో పీట మీంచి లేచింది. తండ్రి అడిగినట్టే, మొహంలో నవ్వన్నది లేకుండా అడిగింది.

"ఈ ఏడు ఇంట్లో పెద్దవాళ్ళెంతమందండీ?"

సోజిరో ఒక వేలు చూపించాడు. "ఒక్కణ్ణే. మా ఆవిడ పోయింది. పిల్లలు రాజధానిలో ఉన్నారు."

ఆమె ఒక్క ముల్లంగి తీసి రెండు చేతులా అందించింది. "మీరిచ్చిందే మీకు తెచ్చాను."

అతను వంగి రెండు చేతులా పుచ్చుకున్నాడు. ఆకుల తడి అతని కోటు చేతుల మీద పడింది. దులుపుకోలేదు. పిల్లలు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

"పేరు రాయించండి" అన్నాడు డైరెక్టర్ గారికేసి తిరగకుండానే. "ముల్లంగులు ఎవరివో కూడా."

"అలాగేనండీ, ప్రదర్శన అయిపోయాక తీరిగ్గా..." అన్నాడు డైరెక్టర్.

"బోర్డు ఎప్పుడో తయారుగా ఉందండీ" అంది యుహారా వెనకనుంచి. ఈసారి పైవాళ్ళ మొహం చూసుకోలేదు. "మొదటి రోజే చేయించాను. బీరువా వెనక పెట్టాను. మేకులు తెస్తే చాలు."

డైరెక్టర్ గారు ఏదో అనబోయి, వరసలో నిలబడి తనకేసే చూస్తున్న పిల్లల్ని చూసి ఊరుకున్నాడు. యుహారా పరిగెత్తింది.

హిసానో వంగి, కావడి భుజానికెత్తుకుని నిలబడింది.

"ఇంకెందుకు, దించు హిసా. నిచ్చెన తేవాలి, ఆలస్యమవుతుంది" అన్నాడు సోజిరో.

"అవనీలే" అంది ఆమె.

జింపాచి పేరు గోడకెక్కేదాకా ఆమె కావడి దించలేదు.